మైదానానికి కట్టిన ఇల్లు

మనుష్యులకు ఇల్లు కడతారు. గొడ్లకు సావిడి వేస్తారు. ధాన్యానికి గాదె, దేవుడికి గుడి. మైదానానికి కూడా ఎవరైనా ఇల్లు కడతారా? కట్టారు! అమెరికాలో ఇండియానా అనే రాష్ట్రం ఉంది. దాని ముఖ్యపట్టణం ఇండియానాపోలిస్. ఆ పట్నంలో బట్లర్ విశ్వవిద్యాలయం వారు 1928లో అటువంటి ఇల్లు ఒకటి కట్టారు. దాన్ని అక్కడివారు 'ఫీల్డ్ హౌస్' అంటారు. మాటకు మాట తెలుగు చేసుకుంటే మైదానపు ఇల్లు అనే అర్థం వస్తుంది.

ఇంతకీ మైదానానికి ఇల్లెందుకు కావలసివచ్చిందో ముందు చెప్పుకోవాలి. మనకు చలికాలమంటే కంబళి కప్పుకుని, తెల్లవారి నాలుగు పుల్లలు మంటవేసుకుంటే గడిచిపోతుంది. ఇండియానాలో అలా కాదు. అక్కడ చలికాలమంటే మంచు. నేల గడ్డకడుతుంది. మొక్కజొన్న కోతలు అయిపోయిన తరువాత రైతుకు పొలంలో పనుండదు. కుర్రాళ్ళకు బయట ఆటలుండవు. శరత్కాలంలో ఫుట్ బాల్, వసంతం వస్తే బేస్ బాల్. మధ్యనున్న నాలుగు నెలలూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవలసిందే. ఆ నాలుగు నెలల బాధలోనుంచే బాస్కెట్ బాల్ అనే ఆట పుట్టింది.

పండ్లబుట్టలో పడిన బంతి

ఆ ఆట పుట్టిన తేదీ, పుట్టించిన మనిషి, పుట్టిన ఊరు అన్నీ ఖాయంగా తెలుసు. అటువంటి ఆటలు లోకంలో అరుదు. మన చెడుగుడు ఎవరు కనిపెట్టారంటే ఎవరు చెప్పగలరు? బాస్కెట్ బాల్ సంగతి అలా కాదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్ ఫీల్డ్ అనే ఊళ్ళో వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ కళాశాల ఉండేది. అక్కడ జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు 1891 డిసెంబరులో దీన్ని మొదలుపెట్టాడు. చలికాలంలో గోడల మధ్య ఆడడానికి వీలైన ఆట కావాలి. ఒకరినొకరు తోసుకుని ఎముకలు విరగ్గొట్టుకోకూడదు. ఇదీ ఆయన ముందున్న సమస్య. బంతి పడడానికి రెండు పెట్టెలు తెమ్మని నౌకరును అడిగితే, పెట్టెలు లేవు, పీచ్ పండ్ల బుట్టలున్నాయని అవే తెచ్చియిచ్చాడట. వాటిని వ్యాయామశాలలో చుట్టూ ఉన్న వసారా అంచుకు మేకులతో బిగించారు. ఆ అంచు నేలకు సరిగ్గా 10 అడుగుల ఎత్తున ఉంది. ఈనాటికీ ప్రపంచమంతటా ఆ బుట్ట ఎత్తు 10 అడుగులే!

మొదట్లో బుట్టకు అడుగుభాగం తీసివేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. బంతి పడ్డప్పుడల్లా ఒకరు నిచ్చెనెక్కి దాన్ని తీసి కింద పడెయ్యవలసి వచ్చేది. మొదటి ఆటలో పక్షానికి తొమ్మిదిమంది ఆడితే, మొత్తం మీద ఒక్కసారే బంతి బుట్టలో పడింది. పాపం, ఆ నిచ్చెన మనిషికి ఆ రోజు పెద్ద శ్రమ కలిగి ఉండదు.

ఈ ఆటకూ మనకూ చుట్టరికం లేకపోలేదు. ఆ స్ప్రింగ్ ఫీల్డ్ కళాశాలలోనే చదువుకున్న హారీ క్రో బక్ అనే ఆయన మద్రాసు వచ్చి, 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల స్థాపించాడు. చెన్నరాజధాని రోజుల్లో మన తెలుగు జిల్లాల స్కూళ్ళలో ఈల మెడలో వేసుకుని, తెల్లలాగు తొడుక్కుని తిరిగిన డ్రిల్లు మేష్టర్లలో అక్కడ తరిఫీదు పొందివచ్చినవారు చాలామంది. మన పాఠశాలల ఆవరణలో రెండు గుంజలు పాతి, వాటికి రెండు ఇనుపచట్రాలు తగిలించి కుర్రాళ్ళచేత ఆడించే ఆటకు మూలం ఆ పండ్లబుట్టలే అన్నమాట.

అయిదుగురుంటే చాలు

స్ప్రింగ్ ఫీల్డ్ లో పుట్టిన ఆట ఇండియానాకు వచ్చి అక్కడే కాపురం పెట్టింది. ఎందుకంటే అక్కడి ఊళ్ళన్నీ చిన్నవి. వెయ్యి గడప కూడా లేని పల్లె బడిలో పదిహేనుమంది పెద్ద కుర్రాళ్ళుంటే గొప్ప. ఫుట్ బాల్ కు పక్షానికి పదకొండుమంది కావాలి, తలకూ భుజాలకూ తొడుగులు కావాలి, డబ్బు కావాలి. బాస్కెట్ బాల్ కో? అయిదుగురుంటే చాలు. కొట్టం గోడకు ఒక ఇనుపచట్రం తగిలిస్తే ఒక్క కుర్రాడైనా సాయంత్రం దాకా సాధన చేసుకోవచ్చు. అంచేత ఆ రాష్ట్రంలో పెరటి గోడకు ఇనుపచట్రం లేని రైతు ఇల్లు కనబడేది కాదు.

1911లో రాష్ట్రమంతటికీ కలిపి ఉన్నత పాఠశాలల పోటీ మొదలుపెట్టారు. ఆ పోటీలో ఒక విశేషముంది. పెద్ద బడి, చిన్న బడి అనే తరగతులు లేవు. రెండువేలమంది చదివే పట్నం బడి అయినా, నూటయాభైమంది చదివే పల్లె బడి అయినా ఒకే పోటీలో దిగవలసిందే. ఓడినవాడు ఇంటికి పోతాడు. గెలిచినవాడు పైమెట్టు ఎక్కుతాడు. చివరకు మిగిలేది ఒక్క జట్టు. మార్చి నెల వచ్చేసరికి రాష్ట్రమంతా దీన్ని గురించే మాట్లాడుకునేది. ఆట ఉన్న రాత్రి ఊరు ఊరంతా తాళాలు వేసుకుని బండ్లెక్కి పోయేదట.

ఇంతమంది కూర్చుని చూడడానికి తగిన చోటేదీ? ఆ ప్రశ్నకు జవాబుగా లేచినదే బట్లర్ ఫీల్డ్ హౌస్.

విద్యార్థులు కొద్దిమంది - ఆసనాలు పదిహేనువేలు

బట్లర్ పెద్ద విశ్వవిద్యాలయం కాదు. అది 1928లో పాత చోటు విడిచి ఫెయిర్ వ్యూ అనే ఉద్యానవనానికి తరలివచ్చింది. కొత్త ఆవరణలో ముందుగా లేచిన కట్టడాల్లో ఈ క్రీడాభవనం ఒకటి. ఆసనాలేమో 15,000! మొత్తం విద్యార్థులు, పంతుళ్ళు, వాళ్ళ చుట్టపక్కాలు అంతా వచ్చి కూర్చున్నా సగానికి సగం ఖాళీగా ఉంటుంది. ఇంత సాహసం ఎలా చేశారు?

దీని వెనక వ్యాపారస్థుల బుద్ధి ఉంది. పట్నంలోని పెద్దమనుష్యులు 41 మంది కలిసి ఒక సంఘంగా ఏర్పడి పెట్టుబడి సమకూర్చారు. ఖర్చు ఏడున్నర లక్షల డాలర్లు. ఏటా జరిగే ఉన్నత పాఠశాలల పోటీని ఈ భవనంలోనే జరిపేటట్లు ఆ పోటీ నిర్వహించేవారితో ముందుగానే కౌలు వ్రాయించుకున్నారు. అంటే బట్లర్ కుర్రాళ్ళకోసం కట్టిన ఇల్లే అయినా, రాష్ట్రంలోని పల్లెబడులన్నిటికీ దానిలో వాటా ఉన్నట్టే. ఆ వాటాయే తరువాతి కథ అంతటికీ కారణం.

భవనాన్ని ఫెర్మర్ స్పెన్సర్ కానన్ అనే వాస్తుశిల్పి గీశాడు. బయట ఇటుక గోడలు. లోపల పెద్ద పెద్ద ఉక్కు కమానులు. నడుమ ఒక్క స్తంభం లేదు. ఎక్కడ కూర్చున్నవాడికైనా ఆట కనిపిస్తుంది. మన సినిమాహాళ్ళలో స్తంభం వెనక టిక్కెట్టు దొరికి, కథానాయికను సగం మాత్రమే చూసి ఇంటికి వచ్చినవారికి దీని విలువ బాగా తెలుస్తుంది. గోడల పైభాగాన వరసగా కిటికీలు. మధ్యాహ్నపు వేళ సూర్యకిరణాలు ఆ కిటికీల గుండా ఏటవాలుగా దిగి చెక్కనేల మీద పరచుకుంటాయి. ఆట స్థలం మొదట్లో తూర్పు పడమరలుగా ఉండేది. చూసేవారి సౌకర్యంకోసం 1933లో దాన్ని ఉత్తర దక్షిణాలుగా తిప్పారు.

1928 మార్చి 7న మొదటి ఆట. నోటర్ డామ్ విశ్వవిద్యాలయం జట్టును బట్లర్ వారు 21-13తో ఓడించారు. అదీ నిర్ణీతకాలంలో తేలక, అదనపు సమయం ఇస్తే గెలిచారు. కొత్త ఇంట్లో గృహప్రవేశం శుభంగా జరిగింది. ఆ తరువాత 1950 దాకా అమెరికా మొత్తంలో బాస్కెట్ బాల్ కు ఇంతకంటే పెద్ద భవనం మరొకటి లేదు.

సత్రం వంటి ఇల్లు

అయితే ఇంత పెద్ద ఇంటిని ఒక్క ఆటకోసం ఉంచుకుంటే గిట్టుబాటవుతుందా? మన ఊళ్ళలో పెద్ద సత్రం ఉంటే దానిలో పెళ్ళిళ్ళు జరుగుతాయి, హరికథలు జరుగుతాయి, ఎన్నికల సభలూ జరుగుతాయి. బట్లర్ భవనం అటువంటి సత్రమే అయింది. ఆరు రోజులపాటు తొక్కే సైకిలు పందేలు ఇక్కడ జరిగాయి. సర్కసులు దిగాయి. మంచు మీద జారుతూ నాట్యం చేసే ప్రదర్శనలు జరిగాయి. టెన్నిస్ ఆడారు. మత ప్రచారకులు సభలు చేశారు. అమెరికా అధ్యక్షులు కొందరు ఇక్కడ ఉపన్యాసాలిచ్చారు. 1954లో వచ్చిన ఐజెన్ హోవర్ వారిలో ఒకరు. బట్లర్ వారు నడిపిన పరుగుపందేల్లో జెస్సీ ఓవెన్స్ పరుగెత్తాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్సులో నాలుగు బంగారు పతకాలు గెలిచి హిట్లరుకు మింగుడుపడకుండా చేసిన నీగ్రో వీరుడు ఆయనే.

రెండో ప్రపంచయుద్ధంలో ఆటలు ఆగిపోయాయి. సైనికులకు, నావికులకు ఈ భవనంలో బస ఏర్పాటుచేశారు. నిన్నటిదాకా కుర్రాళ్ళు బంతితో గంతులు వేసిన నేల మీద సిపాయిల మంచాలు వరసలు తీర్చాయి. 1945 తరువాత మళ్ళీ ఆటలు వచ్చాయి.

నారింజ రంగు బంతి

ఈ ఇంటికి యజమాని వంటి మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు పాల్ హింకిల్. అందరూ టోనీ హింకిల్ అంటారు. 1921లో బట్లర్ కు వచ్చాడు. యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేసిన రోజులు తప్పిస్తే 1970లో విరమించేదాకా అక్కడే ఉండిపోయాడు. ఫుట్ బాల్ కూ ఆయనే గురువు, బేస్ బాల్ కూ ఆయనే, బాస్కెట్ బాల్ కూ ఆయనే. మూడు ఆటలు ఒక్కరే నేర్పడమంటే మన బడిలో లెక్కలూ, తెలుగూ, డ్రిల్లూ ఒక్క మేష్టారే చెప్పినట్టు!

ఆ రోజుల్లో బాస్కెట్ బాల్ బంతి ముదురు గోధుమ రంగులో ఉండేది. చెక్కనేల కూడా ఇంచుమించు ఆ రంగే. దూరాన పైమెట్టు మీద కూర్చున్న ప్రేక్షకుడికి బంతి ఎటు పోయిందో తెలిసేది కాదు. ఆటగాళ్ళకే ఒక్కోసారి కళ్ళు చెదిరేవి. హింకిల్ ఈ సంగతి ఆలోచించి, ఆట సామాన్లు తయారుచేసే స్పాల్డింగ్ కంపెనీతో కలిసి నారింజ రంగు బంతి చేయించాడు. 1958లో విశ్వవిద్యాలయాల జాతీయపోటీ చివరి ఆటల్లో దాన్ని పరీక్షించి చూశారు. అందరికీ నచ్చింది. నాటినుంచీ లోకమంతా ఆ రంగే. ఈ రోజున మన పిల్లలు బాస్కెట్ బాల్ బొమ్మ గీసినా నారింజ రంగే పూస్తారు. ఆ రంగు పూసిన మనిషి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

1966లో ఆయన గౌరవార్థం ఈ భవనానికి హింకిల్ ఫీల్డ్ హౌస్ అని పేరు మార్చారు. ఒక తమాషా ఏమిటంటే, 1968 జనవరిలో కొత్తగా లేచిన వృత్తి ఆటగాళ్ళ సంఘంవారు తమ మొట్టమొదటి మేటి ఆటగాళ్ళ పోటీ ఇక్కడే పెట్టారు. వారి బంతి ఎరుపు, తెలుపు, నీలం చారలది! నారింజ బంతి తెచ్చినవాని పేరున్న ఇంట్లో మూడు రంగుల బంతి ఎగిరిందన్నమాట.

పల్లె గెలిచిన రాత్రి

ఇక ఈ భవనానికి కీర్తి తెచ్చిన ఆట సంగతి. ఇండియానాలో మైలన్ అని ఒక ఊరుంది. జనం వెయ్యి పైచిలుకు. 1954లో అక్కడి ఉన్నత పాఠశాలలో 161 మంది విద్యార్థులు. వారిలో మగపిల్లలు 73 మంది. వీరి గురువు మార్విన్ వుడ్ ఇరవయ్యారేళ్ళ యువకుడు. ఆయన కూడా బట్లర్ లో హింకిల్ దగ్గర ఆడినవాడే.

ఆ ఏడు రాష్ట్రపు పోటీలో ఏడువందల పైచిలుకు బడులు దిగాయి. మైలన్ కుర్రాళ్ళు ఒక్కొక్కరినే ఓడిస్తూ చివరి ఆటకు వచ్చారు. ఎదటివారు మన్సీ సెంట్రల్ జట్టు. వారి బడి మైలన్ బడికి పదింతలు. అప్పటికే నాలుగుసార్లు రాష్ట్రాన్ని గెలిచినవారు. మార్చి 20 రాత్రి ఫీల్డ్ హౌస్ లో ఈగ దూరడానికి సందు లేదు.

మూడు భాగాలు ముగిసేసరికి 26-26. నాలుగో భాగంలో మన్సీ వారు రెండు పాయింట్లు ముందుకు పోయారు. అప్పుడు జరిగిన వింత ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. మైలన్ కుర్రాడు బాబీ ప్లంప్ బంతి చేత పుచ్చుకుని కదలకుండా నిలబడిపోయాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మొత్తం నాలుగు నిమిషాల పదమూడు సెకండ్లు! ఇన్ని సెకండ్లలోగా బంతి వెయ్యాలన్న నిబంధన ఆ రోజుల్లో లేదు. వెనకబడివున్న జట్టే కాలం వృథా చేస్తుంటే చూసేవారికి మతిపోయింది. కాని వుడ్ ఎత్తు వేరు. ఎదటివారు పొడగరులు, దిట్టలు. ఆట ఎంత ఎక్కువసేపు జోరుగా సాగితే వారికంత లాభం. ఆటను చిన్నది చేస్తే, చిన్నవాడికి అవకాశం దొరుకుతుంది.

ఆ మీదట ఆట వేగం పుంజుకుంది. మైలన్ వారు సమం చేశారు, దాటారు. మన్సీ వారు మళ్ళీ సమం చేశారు. 30-30. ఇంకా 18 సెకండ్లున్నాయనగా మైలన్ వారు విరామం అడిగారు. మళ్ళీ బంతి ప్లంప్ చేతికి వచ్చింది. తక్కినవారంతా ఒక పక్కకు తప్పుకున్నారు. మూడు సెకండ్లుండగా ప్లంప్ ఎగిరి బంతి వేశాడు. పడింది. 32-30.

మర్నాడు మైలన్ కు తిరిగివస్తుంటే దారిపొడుగునా జనం. వెయ్యిమంది ఊరికి ఆ రోజు నలభైవేలమంది వచ్చారని చెప్పుకుంటారు. 1986లో ఈ ఆట ఆధారంగా 'హూజియర్స్' అనే సినిమా వచ్చింది. పతాక సన్నివేశాన్ని ఈ భవనంలోనే తీశారు. ప్లంప్ తరువాత బట్లర్ లోనే చేరి, హింకిల్ శిష్యుడై, ఈ నేల మీదనే మరి నాలుగేళ్ళు ఆడాడు.

సినిమాకు ఎక్కని కథ

కథ ఇక్కడితో ఆపితే చిన్నవాడు పెద్దవాణ్ణి గెలిచాడని సంతోషపడి పుస్తకం మూసివేయవచ్చు. కాని అదే నేల మీద, ఒక్క వారం ముందు మైలన్ వారి చేతిలో 65-52తో ఓడిపోయిన జట్టు ఒకటి ఉంది. ఆ జట్టు పేరు క్రిస్పస్ అటక్స్. వారి కథ సినిమాకు ఎక్కలేదు.

ఇండియానాపోలిస్ లో 1927లో నీగ్రో పిల్లలకోసం విడిగా ఒక ఉన్నత పాఠశాల పెట్టారు. తెల్లవారి బడులలో వారు కూర్చోకూడదన్నదే దాని ఉద్దేశం. ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో కు క్లుక్స్ క్లాన్ అనే వర్ణద్వేషుల ముఠా రాజ్యమేలుతోంది. బడికి పెట్టిన పేరు మాత్రం గొప్పది. క్రిస్పస్ అటక్స్ అంటే 1770లో బోస్టన్ నగరంలో ఆంగ్లేయ సిపాయిల తుపాకిగుండ్లకు ముందుగా నేలకొరిగిన నల్లజాతివాడు.

1942 దాకా ఈ బడిని రాష్ట్రపు పోటీలో చేరనివ్వలేదు. చేరనిచ్చిన తరువాత కూడా ఇబ్బందులు తీరలేదు. వారి వ్యాయామశాల చాలా చిన్నది. జట్టుకు పేరు వచ్చేకొద్దీ జనం పెరిగారు. కూర్చోబెట్టడానికి చోటులేక పెద్ద ఆటలు బట్లర్ ఫీల్డ్ హౌస్ లోనే ఆడేవారు. సొంత ఇల్లు చాలనివారికి ఈ ఇల్లు ఆసరా అయింది.

1951లో అటక్స్ జట్టు ఇదే భవనంలో ఆండర్సన్ జట్టును ఒక్క పాయింటు తేడాతో, ఆఖరి క్షణాన ఓడించింది. ఆ బంతి వేసినవాడు బెయిలీ రాబర్ట్ సన్. అతని తమ్ముడు ఓస్కార్ అప్పటికి పన్నెండేళ్ళవాడు. పేదల వాడలో బీడు స్థలంలో ఆడుకుంటూ పెరిగిన ఆ తమ్ముడే తరువాత ప్రపంచ ప్రసిద్ధుడైన ఓస్కార్ రాబర్ట్ సన్. 1954లో మైలన్ చేతిలో ఓడినప్పుడు ఓస్కార్ జట్టులో ఉన్నాడు.

మరుసటి ఏడు, 1955లో అటక్స్ వారు చివరి ఆటకు వచ్చారు. ఎదటివారు గారీ పట్నపు రూజ్ వెల్ట్ పాఠశాల. అదీ నల్లపిల్లల బడే. ఎవరు గెలిచినా చరిత్రే! 97-74తో అటక్స్ గెలిచింది. నల్లవిద్యార్థులు మాత్రమే చదివే పాఠశాల అందరూ పాల్గొన్న రాష్ట్రపు పోటీలో గెలవడం అమెరికా మొత్తంలో అదే ప్రథమం. అంతేకాదు, పోటీ మొదలై నలభైనాలుగేళ్ళయినా ఇండియానాపోలిస్ పట్నానికి ఒక్కసారీ ఆ గెలుపు దక్కలేదు. తెచ్చిపెట్టినవారు ఈ కుర్రాళ్ళే.

ఊరు వీరికి ఎలా మర్యాద చేసింది? ఊరి నడిబొడ్డున యుద్ధవీరుల స్మారకస్తంభం ఉంది. గెలిచిన జట్లకు అక్కడ సంబరం జరగడం మామూలు. అటక్స్ కుర్రాళ్ళను అగ్నిమాపకదళంవారి బండి ఎక్కించి, ఆ స్తంభం చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, అక్కడ ఆగనివ్వకుండా నల్లవారి వాడలో ఉన్న పార్కుకు తీసుకుపోయారు. వారు అల్లరిచేస్తారేమోనని అధికారుల భయమట! ఆట ఆడినవారు పదిహేడు, పద్ధెనిమిదేళ్ళ పిల్లలు. పార్కులో మంట చుట్టూ అందరూ పాటలు పాడుతుంటే, ఓస్కార్ మధ్యలో లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మనసుకు తగిలిన దెబ్బను ఆయన పెద్దయిన తరువాత కూడా చెప్పుకున్నాడు.

దీనికి జవాబు ఆ కుర్రాళ్ళు నోటితో ఇవ్వలేదు. 1956లో ఆడిన 31 ఆటలూ గెలిచారు. ఒక్క ఓటమి లేకుండా రాష్ట్రాన్ని గెలిచిన జట్టు అంతకు ముందు ఇండియానాలో లేదు. చివరి ఆటలో ఓస్కార్ ఒక్కడే 39 పాయింట్లు చేశాడు. వారి గురువు రే క్రో కుర్రాళ్ళకు ఆటతోపాటు ఓర్పు నేర్పినవాడు. పరాయివాడు తిట్టినా, న్యాయనిర్ణేత పక్షపాతం చూపినా పెదవి విప్పకూడదన్నది ఆయన నియమం. ఓస్కార్ 1960లో రోమ్ ఒలింపిక్సులో బంగారు పతకం గెలిచిన జట్టుకు నాయకుల్లో ఒకడయ్యాడు.

ఇల్లు చేసిన మేలెంత?

ఇప్పుడొక ప్రశ్న. పదిహేనువేలమంది ఒక్కచోట కూర్చుని, నల్లకుర్రాడు బంతి వేస్తే చప్పట్లు కొట్టారు. ఆట ముగిసి వీధిలోకి వచ్చాక అదే కుర్రాణ్ణి ఊరి నడుమ నిలబడనివ్వలేదు. అయితే ఆ చప్పట్ల వల్ల లాభమేమిటి?

లాభం లేదని అనలేము. ఆ ఇంటి లోపల ఎత్తు అందరికీ 10 అడుగులే. గడియారం అందరికీ ఒకటే. గోడమీది అంకెలకు కులం లేదు, రంగు లేదు, ఊరు పెద్దదా చిన్నదా అన్న వివక్ష లేదు. కళ్ళారా చూసినదాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే. అయితే చప్పట్లు వేరు, పక్కన చోటివ్వడం వేరు. మొదటిదానికి ఒక సాయంత్రం చాలు. రెండోదానికి తరాలు పడతాయి. 2015లో, అంటే గెలిచిన అరవై ఏళ్ళకు, ఆ 1955 జట్టులో మిగిలివున్నవారిని ఇండియానాపోలిస్ వారు తమ పెద్ద కారు పందేలనాటి ఊరేగింపుకు అగ్రపూజ్యులుగా పిలిచి, పట్నం నడివీధుల్లో ఊరేగించారు. ఆనాటి కుర్రాళ్ళు అప్పటికి తాతలయ్యారు. కొందరు ఆ రోజు చూడకుండానే పోయారు.

పడగొట్టని పాత ఇల్లు

కాలం మారింది. ఉన్నత పాఠశాలల చివరి ఆటలు 1971 తరువాత ఇక్కడినుంచి తరలిపోయాయి. 1997తో ఆ పాత పోటీ పద్ధతి కూడా పోయింది. బడుల పరిమాణాన్నిబట్టి తరగతులు చేసి వేరువేరు పోటీలు పెట్టారు. చిన్నబడులకు ఎక్కువ బహుమతులు దక్కే మాట నిజమే. కాని మైలన్ వంటి కథ మళ్ళీ జరగడానికి వీలులేదని బాధపడేవారు ఇండియానాలో ఇప్పటికీ ఉన్నారు.

ఇతర చోట్ల ఇటువంటి పాత క్రీడాభవనాలు చాలా నేలమట్టమయ్యాయి. బట్లర్ వారు దీన్ని పడగొట్టలేదు. 1987లో దీనికి జాతీయ చారిత్రక కట్టడమనే గౌరవం లభించింది. 2014లో 3 కోట్ల 60 లక్షల డాలర్లతో మరమ్మత్తులు ముగించారు. ఆసనాలు విశాలం చేయడంతో 15,000 కాస్తా తగ్గుతూ వచ్చి 9,100 అయ్యాయి. కిటికీలు, కమానులు అలాగే ఉంచారు.

ఇల్లు నిలిపినవారికి ఇల్లు పేరు నిలిపింది. నాలుగువేల పైచిలుకు విద్యార్థులున్న బట్లర్ 2010లో జాతీయపోటీ చివరి ఆటకు ఎక్కింది. ఆ ఆట జరిగిందీ ఇండియానాపోలిస్ లోనే. డ్యూక్ విశ్వవిద్యాలయంతో 61-59గా ఉండగా, ఆఖరి క్షణంలో బట్లర్ కుర్రాడు గోర్డన్ హేవర్డ్ మైదానం మధ్యనుంచి విసిరిన బంతి చట్రానికి తగిలి బయట పడింది. రెండంగుళాలు లోపలికి పడివుంటే రెండో మైలన్ కథ అయ్యేది! మరుసటి ఏడు మళ్ళీ చివరి ఆటకు ఎక్కి, కనెక్టికట్ వారి చేతిలో ఓడారు. 2021లో కరోనా రోజుల్లో జాతీయపోటీ అంతా ఇండియానా రాష్ట్రంలోనే జరపవలసి వచ్చినప్పుడు, కొత్త కొత్త భవనాల సరసన ఈ తొంభైమూడేళ్ళ ఇల్లు కూడా ఆటలకు తలుపులు తెరిచింది.

మన పట్నాలలో ఇప్పుడు పెద్ద పెద్ద క్రీడామందిరాలు లేస్తున్నాయి. సిమెంటు, ఉక్కు ఎంత పోశారన్నది వార్త అవుతుంది. ఏ ఊరి బడి పిల్లలకు దాని తలుపులు తెరిచారు, ఆట అయిన తరువాత ఆ పిల్లలను ఏ వీధిన నడవనిచ్చారు అనేది వార్త కాదు. యాభై ఏళ్ళు పోయాక జనం జ్ఞాపకం పెట్టుకునేది మాత్రం అదే.